టింబర్‌మన్ వీపు

వీపు రుద్దడంలో నన్ను మించిన నర్సు ఆ ఆసుపత్రిలో లేదని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఇప్పుడు డ్యూటీల్లో ఉన్న అమ్మాయిలు ఇది చదివి నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మీకు గాలి పరుపులున్నాయి, చదవడానికి పుస్తకాలున్నాయి. అరవైల నడుమ ఆదిలాబాద్ జిల్లాలో, గోదావరి ఒడ్డున ఉన్న ఒక బొగ్గుబావుల ఊళ్లో మాకున్నవి స్పిరిట్ సీసా, పౌడరు డబ్బా, రెండు అరచేతులు. నెలల తరబడి కదలకుండా పడుకున్న రోగికి నడుము కింద, తుంటి మీద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. వాటిని ఆ మూడింటితోనే ఆపాలి. రోజుకు నాలుగుసార్లు స్పిరిట్ రాసి రుద్దాలి, పౌడరు చల్లాలి. మాకు అలాగే నేర్పారు. మాకు నేర్పినవాళ్లకూ అలాగే నేర్పారు.

నేను హుజూరాబాద్ దగ్గరి వ్యవసాయం ఇంటి పిల్లను. నాట్లు వేసి, కలుపు తీసి పెరిగిన చేతులు, బలానికి లోటు లేదు. "నీ హస్తవాసి మంచిది సిస్టరమ్మా" అని రోగులు అంటుంటే లోలోపల పొంగిపోయేదాన్ని. నాకు కోపం ఎక్కువ, గర్వం అంతకంటే ఎక్కువ. ఆ రెండూ ఇప్పటికీ పూర్తిగా పోలేదని మా ఇంట్లోవాళ్లు అంటారు.

ఆ గర్వానికి మొదటి దెబ్బ తగిలింది ఒక ఇరవై ఏళ్ల ఫిల్లర్ దగ్గర. ఫిల్లర్లంటే బావిలో బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపేవాళ్లు. వెన్ను విరిగి మా వార్డుకు వచ్చాడు. మా హుజూరాబాద్ వైపు పిల్లవాడే కావడంతో నాకు మరింత ప్రేమ. నాలుగుసార్లు రుద్దాల్సింది ఆరుసార్లు రుద్దాను. చర్మం ఎర్రబడితే ఇంకా గట్టిగా రుద్దాను. అయినా నడుము కింద పుండు పడింది, లోతుకు పోయింది, జ్వరం పట్టుకుంది. రెండు నెలలకు పోయాడు. వాళ్లవ్వ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "నా కొడుకును మంచిగ చూసినవ్ బిడ్డా, నీ చేతులకు మొక్కుత" అంది. ఆమె రాత అలా ఉంది, నేను చేయగలిగిందంతా చేశాను అనుకుని నన్ను నేను సముదాయించుకున్నాను. ఏడాదిపాటు ఆ మాటతోనే నెట్టుకొచ్చాను.

హైదరాబాదులో నాకు చదువు చెప్పిన టీచరమ్మ తన దగ్గరి పాత నర్సింగు పత్రికలు కట్టగట్టి అప్పుడప్పుడూ పోస్టులో పంపేది. విదేశాల నుంచి వచ్చే పత్రికలవి. నిజం చెప్పాలంటే వాటిని నేను దుప్పట్ల బీరువాలో అరల మీద పరచడానికి వాడేదాన్ని, కాగితం మందంగా ఉండేది. ఒక మధ్యాహ్నం అలా పరుస్తుంటే ఒక పేజీలో మంచం మీద పక్కకు తిరిగి పడుకున్న ముసలాయన బొమ్మ కనబడింది. బీరువా ముందే గోడకు చేరగిలబడి చదివాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. చదివింది అర్థమయ్యాక, అర్థం కాకపోయి ఉంటే బాగుండుననిపించింది.

అక్కడి ఆసుపత్రుల్లో నర్సులే పూనుకుని ఆ సంగతిని పరిశీలించారట. మంచం పట్టిన వృద్ధుల వీపులకు రకరకాల పూతలు పూసి చూశారట. ఏది పూసినా చెప్పుకోదగ్గ తేడా లేదట. ఎవరిని గంటల లెక్కన క్రమం తప్పకుండా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పారో వాళ్ల చర్మం నిలిచిందట. ఒకే చోట బరువు ఆని ఉంటే అక్కడికి రక్తం అందదు, అందకపోతే చర్మం చచ్చిపోతుంది. ఇంతే సంగతి. ఆరుసార్లు రుద్దాను గాని, ఆ ఫిల్లర్‌ను రుద్దడానికి తప్ప ఎన్నడూ పక్కకు తిప్పి ఉంచలేదు.

మా డాక్టరుగారు హైదరాబాదీ, సిగరెట్టు ఆరనివ్వని మనిషి. పేజీ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను, నేను చదివింది సరేనా కాదా చెప్పమని. ఆయన రెండుసార్లు చదివి, "సరిగ్గనే సమజైంది నీకు. ఇందుల దవా లేదు, సూది లేదు. ఒళ్లొంచే మెహనతే ఉన్నది. అందుకే ఎవ్వరు చెయ్యరు" అని నవ్వాడు. వార్డు మాత్రం ఆయనది కాదు, పెద్ద సిస్టర్‌ది. అక్కడ ఆవిడ మాటే చెల్లుతుంది.

పెద్ద సిస్టర్ బందరు వైపు ఆవిడ. ముప్పై ఏళ్ల సర్వీసు. గంజి పెట్టిన టోపీ, దాని కంటే బిగుసుగా మాట. నేను పత్రిక చూపించి, రుద్దడం మానేసి తిప్పడం మొదలుపెడదామని అన్నాను. ఆవిడ పేజీ వైపు చూడనైనా చూడలేదు.

"అంటే ముప్పై ఏళ్లు నేను చేసిందంతా వృథా అంటావా?"

కాస్త తెలివున్నదైతే అక్కడ ఏదో మర్యాద మాట అనేది. నేను "ఇందులో అలాగే ఉందండీ" అన్నాను. ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజు బావి నుంచి ఒక టింబర్‌మన్‌ను తీసుకొచ్చారు. బావిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాళ్లు టింబర్‌మన్లు. ఈయన దుంగ నిలబెడుతుండగానే పక్కన కప్పు కూలింది. నలభై ఏళ్ల మనిషి, కరీంనగర్ వైపు వాడు. వెన్నుపూస చిట్లింది, కాళ్లలో స్పర్శ సగానికి సగం లేదు. డాక్టరుగారు నన్నూ పెద్ద సిస్టర్‌నూ పక్కకు పిలిచి చెప్పాడు. ఎముక అతుక్కోవచ్చు, స్పర్శ తిరిగి రావచ్చు, దానికి వారాలు పడుతుంది. ఈలోగా పుండు పడితే మాత్రం ఆశ లేదు. తిప్పాలంటే నడుము మెలిక పడకుండా తల నుంచి కాళ్ల దాకా ఒక్కసారిగా తిప్పాలి.

"ఇతణ్ని నాకివ్వండి" అన్నాను పెద్ద సిస్టర్‌తో.

ఆవిడ ఒక షరతు పెట్టింది. "చర్మం చిట్లిందంటే ఆ రోజే మళ్లీ స్పిరిట్ మొదలుపెడతాను. ఆ తరవాత ఈ వార్డులో పత్రికల మాట ఎత్తకూడదు. సరేనా?"

సరే అన్నాను.

రెండు గంటలకోసారి తిప్పాలి. ప్రతిసారీ కనీసం ముగ్గురు కావాలి. వార్డులో నేను, ఇంకో చిన్న నర్సు, ఒక ఆయమ్మ. ఆయమ్మ మహారాష్ట్ర సరిహద్దు పల్లె మనిషి, చిన్నా పెద్దా అందరినీ "బాయి" అంటుంది. మొదటి రోజు మేం ముగ్గురం తిప్పబోతే ఆయన అరిచిన అరుపుకు వార్డంతా లేచి కూర్చుంది. అప్పుడే ఆయనతో పనిచేసే టింబర్‌మన్లు షిఫ్టు దిగి, ఒళ్లంతా బొగ్గుమసితో చూడటానికి వచ్చారు. తలుపు దగ్గరే నిలబడి మా అవస్థ చూశారు.

వాళ్లలో పెద్దవాడు ముందుకొచ్చి, "జర తప్పుకోండ్రి సిస్టరమ్మా. పొడుగుదాన్ని ఎత్తి తిప్పుడు మాకు రాదా? రోజు మేం చేసే పని గదే గదా" అన్నాడు.

చేతులు మోచేతుల దాకా కడిగించి గాని దగ్గరికి రానివ్వలేదు. భుజాల దగ్గర ఒకడు, నడుము దగ్గర ఒకడు, మోకాళ్ల దగ్గర ఒకడు. పెద్దాయన తల దగ్గర నిలబడి గొంతెత్తాడు: "పట్టు... అందరు పట్టిన్రా... హైసా!" మనిషి నీళ్లలో తేలినట్టు పక్కకు తిరిగిపోయాడు. ఒక్క అరుపు లేదు.

"ఇరవై ఏండ్ల సంది నేను దుంగల్ని తిప్పిన. గిప్పుడు నన్నే దుంగ జేసిన్రు" అన్నాడు రోగి గోడవైపు మొహం పెట్టి. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను, చాలా రోజుల తరవాత.

అప్పట్నుంచి షిఫ్టు షిఫ్టుకూ ఎవరో ఇద్దరు వచ్చేవాళ్లు. వాళ్లు లేని వేళకు ఆయమ్మా మేమూ ఆ పట్టు నేర్చుకున్నాం. ఆయమ్మ "హైసా" అంటే పక్క వార్డుకు వినబడేది.

ఇక ఎప్పుడు తిప్పామో, ఎవరు తిప్పారో గుర్తుండాలి. నేను గొప్పగా ఇంగ్లీషులో ఒక పట్టిక రాసి మంచానికి కట్టాను. ఆయమ్మకు చదువు రాదు, టింబర్‌మన్లకు రాదు, రాత్రి డ్యూటీ సిస్టర్‌కు నా చేతిరాత రాదు. అది ఒక్కరోజు కూడా నడవలేదు. అప్పుడు నాకు బావి దగ్గరి దీపం గది గుర్తొచ్చింది. బావిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరున్న ఇత్తడి బిళ్ల ఒకటి ఉంటుంది. ఆ బిళ్ల ఇచ్చి దీపం తీసుకుని దిగుతాడు, పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. బిళ్ల ఎక్కడ వేలాడుతుందో చూస్తే మనిషి సంగతి తెలిసిపోతుంది. అక్షరం ముక్క రాకపోయినా పరవాలేదు.

నంబరు అరిగిపోయిన పాత బిళ్ల ఒకటి టింబర్‌మన్లు తెచ్చిచ్చారు. ఒక చెక్కకు వరసగా పన్నెండు మేకులు కొట్టించాను. తిప్పినప్పుడల్లా బిళ్లను ఒక మేకు నుంచి తరవాతి మేకుకు మార్చాలి. వచ్చినవాళ్లు గడియారం చూసి, బిళ్ల చూస్తే చాలు. చెక్కను రోగి తలవైపు, అందరికీ కనబడేలా వేలాడదీశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. డాక్టరుగారు కూడా "శెభాష్" అన్నాడు.

వారం పది రోజులు బాగా గడిచింది. వీపు చూస్తే నున్నగా, శుభ్రంగా ఉంది. పెద్ద సిస్టర్ దూరం నుంచి గమనిస్తోంది గాని ఏమీ అనడం లేదు. నాకిక ఆగలేదు. ఒక మధ్యాహ్నం ఆవిడను నేనే పిలుచుకొచ్చాను. "చూడండి, ఒక్క మేకు తప్పలేదు. టైం ప్రకారం తిరుగుతోంది" అని చెక్క చూపించాను.

ఆవిడ చెక్క చూడలేదు. "మనిషిని తిప్పండి" అంది. తిప్పాం. అప్పటిదాకా పరుపుకు ఆని ఉన్న ఎడమ తుంటి మీద అరచేయంత మేర ఎర్రగా కంది ఉంది. ఆవిడ బొటనవేలితో నొక్కి తీసింది. మామూలుగా అయితే నొక్కిన చోట తెల్లబడి మళ్లీ ఎరుపెక్కాలి. ఇది తెల్లబడలేదు. ఎరుపు ఎరుపుగానే ఉంది.

"బిళ్ల తిరిగిందమ్మా. మనిషి తిరగలేదు" అంది.

ఏడాది కింద ఆ ఫిల్లర్ నడుము కింద మొదట చూసింది సరిగ్గా ఇలాంటి మచ్చనే. ఆయమ్మను పిలిచి గద్దించాను. పాపం ఆమె, "నేనొచ్చేటాళ్లకు బిళ్ల జరిగే ఉంటది బాయి. నువ్వే తిప్పి పోయినవ్ అనుకున్న" అంది. నేను వచ్చినప్పుడూ అంతే, ఆయమ్మ తిప్పిందనుకున్నాను. మరి బిళ్లను జరిపింది ఎవరు?

ఇప్పుడు గోడవైపు తిప్పి ఉంచినా, మంచం మీద మనిషి మెడ తిప్పి కిటికీ వైపే చూస్తున్నాడు. ఆ కిటికీలోంచి బావి దారి కనబడుతుంది, షిఫ్టుకు వచ్చీపోయే దోస్తులు కనబడతారు, బయట అరుగు మీద భార్య కూర్చుని ఉంటుంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడితేనే ఆ కిటికీ. కుడి పక్కకు తిప్పితే సున్నం గోడ.

"నువ్వేనా?" అన్నాను.

"గోడ దిక్కు జూసుకుంట ఎంతసేపు పండుకోవాలె సిస్టరమ్మా? బావిల దోస్తు రాకపోతే వాని బిళ్ల ఇంకోడేసి మస్టర్ పడగొడుతడు. గది మామూలే. గీడ నా బిళ్ల జరిపే దోస్తెవడు లేడని నా మస్టర్ నేనే ఏసుకున్న. రెండు దినాల సంది, పగటీలి."

బావిలో హాజరును మస్టర్ అంటారు. చెయ్యి చాపితే అందేలా తలవైపు చెక్క కట్టింది నేనే. ఏళ్ల తరబడి బిళ్లలతోనే బతికిన మనిషికి బిళ్ల ఇచ్చి, ఆయన దాంతో బావి మనిషిలా నడుచుకుంటే ఆశ్చర్యపోయిందీ నేనే. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు రాలేదు.

ఆయన భార్య కిటికీలోంచి అంతా విని లోపలికొచ్చింది. "మీద కూలిన బండ విడిచిపెట్టింది గని నేను విడువ నిన్ను! నీ ఒళ్లు సిస్టరమ్మదా, నీదా?" అని కొంగు నడుముకు దోపింది. ఆమెను ఆపి మంచం పక్కన కూర్చున్నాను. తిడదామనే కూర్చున్నాను గాని, నోట్లోంచి వేరే మాట వచ్చింది. మా ఊరి మాటే వచ్చింది.

"నీ లెక్కనే ఒక పిలగాడు పోయినేడు గీ వార్డులనే పండుకున్నడు. గిసొంటి మచ్చనే లేచింది. గదే పుండయింది. గా పుండుతోనే పోయిండు. అప్పుడు నాకు తెల్వకపాయె. రోజు రుద్దుకుంట కూసున్న గని పక్కకు తిప్పలే. ఇప్పుడు తెలిసి గూడ నిన్ను పోగొట్టుకుంటే నేనెట్ల బతకాలె?"

చెబుతుంటే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆ మాట అప్పటిదాకా నేను ఎవరితోనూ అనలేదు. పెద్ద సిస్టర్ వెనకే నిలబడి ఉంది.

ఆయన మొహం మారిపోయింది. "గింత కత ఉన్నదని నాకు తెల్వదు సిస్టరమ్మా. నొప్పి పుట్టిచ్చుడేందో, గోడకు మొకం పెట్టుడేందో, డాక్టర్ల రివాజు అనుకున్న. ఎందుకో చెప్పలే గదా నువ్వు?"

నిజమే. డాక్టరుగారికి చెప్పాను, పెద్ద సిస్టర్‌కు చెప్పాను, ఆయమ్మకు, టింబర్‌మన్లకు ఎలా పట్టుకోవాలో చూపించాను. ఎవరి వీపో ఆ మనిషికి మాత్రం ఎందుకో చెప్పలేదు. అమ్మాయిలూ, మీరు నాకంటే ఎక్కువ చదువుకున్నారు, ఎక్కువ చదువుతారు. చదివింది వార్డులోకి తెచ్చేటప్పుడు ముందు మంచం మీదున్న మనిషికి చెప్పండి. నేను దీన్ని ఏ పత్రికలోనూ చదవలేదు, తిట్లు తిని నేర్చుకున్నాను.

మాట ప్రకారం పెద్ద సిస్టర్ ఇప్పుడు స్పిరిట్ తెప్పిస్తుందని ఎదురుచూశాను. ఆవిడ ఆ కందిన చోటుకు మరోసారి దగ్గరగా వంగి చూసింది. "కందింది గాని చిట్లలేదు. నేనన్నది చిట్లితే అని కదా" అంది. తరవాత నా వైపు తిరిగి, "ఆ పన్నెండు మేకులూ పీకించు. మూడు చాలు. ఎడమకొకటి, వెల్లకిలా ఒకటి, కుడికొకటి. మనిషి ఎటు ఉంటే బిళ్ల అటుండాలి. అప్పుడు అబద్ధమాడితే గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. చెక్క కాళ్లవైపు కట్టించు" అంది. పోతూ పోతూ ఆయమ్మతో, "మంచాన్నే తిప్పి తల ఇటు, కాళ్లు అటు పెట్టండి పూటకోసారి. కుడికి తిరిగినా కిటికీ కనబడుతుంది" అని కూడా చెప్పింది. ఆ రెండు ముక్కలూ ఆ విదేశీ పత్రికలో లేవు. నాకైతే ఎన్నేళ్లయినా తట్టేవి కావు.

ఆ తుంటిని మూడు రోజులు పరుపుకు ఆననివ్వలేదు. రోజుకు పదిసార్లు వెళ్లి చూసేదాన్ని. నాలుగో రోజు నొక్కితే తెల్లబడింది. నేను ఆయమ్మను పట్టుకుని గిరగిరా తిప్పాను, ఆమె "నన్నెందుకు తిప్పుతున్నవ్ బాయి, నాకేం పుండు లేదు" అని మొత్తుకుంది.

ఆ మనిషి మాత్రం నాకు పై సూపర్‌వైజరు అయి కూర్చున్నాడు. రెండు గంటలకు అయిదు నిమిషాలు దాటితే చాలు, "సిస్టరమ్మా, షిఫ్టు మారింది, ఇంకా ఎవ్వరు రాలే" అని కేకలు. చిన్న నర్సుకు పట్టు సరిగా లేదని వంకలు. భార్యకు అన్నీ నేర్పించి, ఆమె చేతే పక్క మంచం వాళ్లకు పాఠాలు చెప్పించాడు. ఒక పొద్దున కుడికాలి బొటనవేలు కదిలింది. టింబర్‌మన్లు ఆ వేలు చూడటానికి వరస కట్టారు. ఆయన అడిగిన ప్రతివాడికీ కదిపి చూపించాడు, సాయంత్రానికి వేలు నొప్పి పుట్టి డాక్టరుగారితో చివాట్లు తిన్నాడు.

వారాలు గడిచాయి. మొదట కూర్చున్నాడు, తరవాత ఇద్దరి భుజాల మీద నిలబడ్డాడు, తరవాత కర్ర పట్టుకుని వార్డు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. ఇంటికి పోయే రోజు తోటివాళ్లంతా ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. వాళ్లను మసి లేకుండా చూడటం నాకదే మొదటిసారి, ఇద్దర్ని గుర్తే పట్టలేదు.

డాక్టరుగారు కాగితాల మీద సంతకం పెట్టాడు. అందరూ బయల్దేరుతుండగా భార్య, "జర ఆగుండ్రి" అంది. మొగుడి అంగీ వెనక నుంచి పైకెత్తింది. మెడ కింది నుంచి నడుము దాకా, రెండు తుంటుల మీదా అరచేత్తో మెల్లగా తడిమింది. ఎక్కడా ఒక గీత లేదు. "బావిలకు పోయినప్పుడు ఎట్లుండెనో గట్లనే ఉన్నది" అంది. అంగీ దించి నా భుజం మీద తల ఆనించింది. ఆ ఫిల్లర్ వాళ్లవ్వ నా చేతులు పట్టుకున్నప్పుడు నేను తలెత్తలేకపోయాను. ఈమెను మాత్రం నిండుగా కావలించుకున్నాను.

వాళ్లు గేటు దాటేదాకా వరండాలో నిలబడి లోపలికొచ్చాను. వార్డు మధ్యలో పెద్ద సిస్టర్ ఒక్కతే నిలబడి ఉంది. మా వార్డులో అప్పుడు కదల్లేని రోగులు నలుగురున్నారు. ఆవిడ వాళ్ల మంచాల వైపు ఒకటొకటిగా చూస్తోంది. చేతి గడియారం విప్పి జేబులో వేసుకుంది, యూనిఫాం చేతులు మోచేతుల పైదాకా మడుచుకుంది.

"ముందు ఎవర్ని తిప్పుదాం, నువ్వు చెప్పు" అంది.